కోర్టుకంటే ముందు కానిస్టేబుల్



ఎవరి స్మృతిలో మనం ఈ సాయంత్రం కలుసుకున్నామో ఆయన జీవితమంతా క్రిమినల్ సైడే ప్రాక్టీసు చేశారు. ఫీజు ఇచ్చుకోలేనివాళ్ల బెయిలు పిటిషన్లు ఆయన బల్లమీద ఎప్పుడూ ఒక కట్ట ఉండేవి. జూనియర్లు రిమాండ్ రిపోర్టు పట్టుకుని సెక్షన్లు చదవబోతే ఆపేవారు. "సెక్షన్ల సంగతి తరవాత చూద్దాం. వీణ్ణి ఎవరు పట్టుకొచ్చారు, ఏ వేళప్పుడు, అప్పటికి వాడు ఏం చేస్తున్నాడు, ముందు అది చెప్పు" అనేవారు. ఈనాటి నా ఉపన్యాసం ఆ ప్రశ్న పట్టుకునే నడుస్తుంది.

అమెరికాలో సమస్యా పరిష్కార కోర్టులని కొన్ని ఉన్నాయి. మత్తుమందులకు అలవాటుపడినవాళ్ల కేసులు చూసే డ్రగ్ కోర్టులు, మానసిక వ్యాధిగ్రస్తుల కేసులు చూసే మెంటల్ హెల్త్ కోర్టులు, మాజీ సైనికుల కోర్టులు, గృహహింస కోర్టులు. మామూలు కోర్టు నేరం రుజువైందా లేదా చూసి, రుజువైతే శిక్ష వేసి ఫైలు మూస్తుంది. ఈ కోర్టులు ఇంకో ప్రశ్న కూడా వేసుకుంటాయి: ఈ మనిషి ఇదే బోనులోకి మళ్లీ మళ్లీ ఎందుకు వస్తున్నాడు? వీటిమీద వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం దయగల జడ్జి గురించి, బాగుపడిన ముద్దాయి గురించి. వాళ్లిద్దరికీ నేను విలువ ఇస్తాను. కానీ ఆ ముద్దాయిని కోర్టు గుమ్మం దాకా తెచ్చేది, అసలు తేవాలో వద్దో రోడ్డుమీద నిలబడి నిర్ణయించేది పోలీసు. ఈ కోర్టులు నిలదొక్కుకున్నచోట పోలీసుతో పొత్తు సరిగ్గా కుదిరింది. చెడినచోట కూడా ఆ పొత్తులోనే లోపం కనబడుతుంది. అందుకని నేను పోలీసు వైపు నుంచి ఈ కథ చెబుతాను. ఎక్కువగా ఒక్క ఊరు తీసుకుంటాను. ఫ్లోరిడా రాష్ట్రంలోని మయామీ.

1980లలో అమెరికాలోకి కొకెయిన్ వచ్చే పెద్ద దారుల్లో మయామీ ఒకటి. జేబులో చిన్న పొట్లం దొరికినవాళ్లను పోలీసులు వేలల్లో అరెస్టు చేశారు. జైళ్లు కిక్కిరిసిపోయాయి, ఖైదీల సంఖ్య తగ్గించమని ఫెడరల్ వైపు నుంచి ఒత్తిడి వచ్చింది. ఈ నెల వదిలినవాడే వచ్చే నెల దొరికేవాడు. చీఫ్ జడ్జి జెరాల్డ్ వెదరింగ్టన్, జడ్జి హెర్బర్ట్ క్లైన్, స్టేట్ అటార్నీ జానెట్ రీనో, పబ్లిక్ డిఫెండర్ బెన్నెట్ బ్రమ్మర్ కూడబలుక్కుని 1989లో ఆ దేశంలో మొట్టమొదటి డ్రగ్ కోర్టు పెట్టారు. రీనో ఆ తరవాత క్లింటన్ హయాంలో అటార్నీ జనరల్ అయ్యారు. ఆవిడ తండ్రి హెన్రీ రీనో మయామీ హెరాల్డ్ పత్రికలో దశాబ్దాలపాటు పోలీసు వార్తలు రాసిన విలేకరి. పోలీసు స్టేషన్ల సంగతులు ఆవిడకు చిన్ననాటి నుంచే ఇంట్లో వినబడి ఉంటాయని నేను అనుకుంటూ ఉంటాను.

ఆ కోర్టుకు మొదటి జడ్జి స్టాన్లీ గోల్డ్‌స్టైన్. బెంచి ఎక్కకముందు ఆయన పోలీసుగా, ప్రాసిక్యూటర్‌గా పనిచేశారు. ఈ ఎంపిక వెనక లోకజ్ఞానం ఉంది. కొత్త కోర్టును పోలీసులు అనుమానంగానే చూస్తారు. "మేం ఎండనకా వాననకా పట్టుకొస్తే మీరు ఉపన్యాసం ఇచ్చి వదిలేస్తున్నారు" అనే మాట ఏ దేశపు స్టేషన్లోనైనా వినబడేదే. ఒకప్పుడు తమలాగే యూనిఫాం వేసుకున్న మనిషి బెంచిమీద ఉంటే ఆ మాట అనడానికి కొంచెం తటపటాయిస్తారు.

పద్ధతి ఇదీ. చిన్న మోతాదుతో దొరికినవాడు ఒప్పుకుంటే కేసు ఆపి చికిత్సలో పెడతారు. ఏడాదో, అంతకంటే కొంచెం ఎక్కువో. మూత్ర పరీక్షలు, కౌన్సెలింగ్, మయామీలో అయితే చెవికి గుచ్చే ఆక్యుపంక్చర్ సూదులు కూడా. కొన్ని వారాలకోసారి జడ్జి ఎదుటికి రావాలి. అప్పుడు లాయరు మాట్లాడడు. జడ్జి నేరుగా ముద్దాయిని అడుగుతాడు: ఉద్యోగం దొరికిందా, అమ్మ ఎలా ఉంది, పోయిన వారం పరీక్షకు ఎందుకు రాలేదు? చికిత్స పూర్తిచేస్తే కేసు కొట్టేస్తారు. మధ్యలో మానేస్తే మామూలు విచారణే. ఆ తరవాత దేశమంతటా పాకిన ఈ కోర్టుల్లో ఇంకో అలవాటు స్థిరపడింది. బెంచి ఎక్కే ముందు జడ్జి, ప్రాసిక్యూటరు, డిఫెన్సు లాయరు, చికిత్స చూసేవాళ్లు, ప్రొబేషన్ అధికారి ఒక గదిలో కూర్చుని ఆ రోజు పిలిచే పేర్లన్నీ ఒక్కొక్కటే మాట్లాడుకుంటారు. చాలాచోట్ల ఆ బల్ల దగ్గర ఒక పోలీసు అధికారికి కూడా కుర్చీ ఉంటుంది.

ఆ కుర్చీలో కూర్చున్నవాడు చేసేదేమిటి? వీధి సంగతి అతనికి తెలుసు. ఫలానా కుర్రాడు పాత స్నేహితుల సందులోనే మళ్లీ తిరుగుతున్నాడనీ, ఫలానా అమ్మాయి ఉంటున్న ఇంట్లోనే సరుకు అమ్ముతున్నారనీ, అక్కడినుంచి మార్చకపోతే ఎంత చికిత్స చేసినా దండగేననీ చెబుతాడు. వాయిదాకు రానివాడిమీద వారెంటు పుడితే మామూలు కేసుల్లో అది స్టేషన్ బీరువాలో నెలలు పడి ఉంటుంది. ఇక్కడ రెండు మూడు రోజుల్లోనే వెతికి తెస్తారు. మత్తు వ్యసనంలో ఈ తేడా చాలా పెద్దది. తప్పిన రోజుకూ పట్టుకొచ్చిన రోజుకూ మధ్య ఎంత దూరం పెరిగితే అంతగా మనిషి చేయిజారిపోతాడు. చికిత్స పూర్తయిన రోజు చిన్న సభ పెడతారు. అరెస్టు చేసిన అధికారిని పిలిచి, ధ్రువపత్రం ఆయన చేతిమీదుగా ఇప్పించే కోర్టులున్నాయి. పోలీసు ఉద్యోగంలో చెడిపోయినవాళ్లు రోజూ కనబడతారు, బాగుపడినవాడు ఆ స్టేషన్ ఛాయలకు రాడు కాబట్టి కనబడడు. తాను పట్టుకున్న మనిషి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎదుట నిలబడగా చూసిన అధికారికి తరవాతి అరెస్టు వేళ చేసే ఆలోచన మారుతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. అయితే అదే బల్ల దగ్గర ఒక ప్రమాదం కూడా కూర్చుని ఉంటుంది. చికిత్స అంటే మనిషి నోరు విప్పడం. "నిన్న మళ్లీ తీసుకున్నాను, ఫలానావాడి దగ్గర కొన్నాను" అని కౌన్సెలర్‌కు చెప్పాలి, చెబితేనే చికిత్స ముందుకు సాగుతుంది. ఆ మాట పోలీసు చెవిన పడి మర్నాడు కొత్త కేసైతే ఇక ఏ ముద్దాయీ నోరు తెరవడు. అందుకే పోలీసుకూ కోర్టుకూ మధ్య తలుపు తెరిచి ఉండాలి, పోలీసుకూ చికిత్సగదికీ మధ్య గోడ ఉండాలి. మత్తు చికిత్స రికార్డులు పట్టుకుని రోగిమీద కేసు పెట్టకూడదనే ఫెడరల్ నిబంధనలు అమెరికాలో 1970ల నుంచీ ఉన్నాయి. కోర్టు బృందానికి ఏ సమాచారం ఇవ్వాలో దానికి ముద్దాయి రాతపూర్వకంగా సమ్మతి ఇస్తాడు: చికిత్సకు వస్తున్నాడా, పరీక్షలో ఏం తేలింది, ఎంతవరకు కోలుకున్నాడు. దాటకూడని గీత ఎక్కడుందో ముందే కాగితంమీద పెట్టుకోని కోర్టుల్లో డిఫెన్సు లాయర్లు తమ కక్షిదారును చేరమని సలహా ఇవ్వడానికి జంకారు. వాళ్లను నేను తప్పుపట్టను.

రెండో ప్రమాదం మరింత లోతైనది. దానికి డెన్వర్ సాక్ష్యం. అక్కడ 1994లో డ్రగ్ కోర్టు మొదలైంది. అదే నగరంలో జిల్లా జడ్జిగా ఉన్న మోరిస్ హాఫ్‌మన్ 2000లో ఒక లా జర్నల్లో ఘాటైన వ్యాసం రాశారు. కోర్టు పెట్టిన రెండేళ్లలో డెన్వర్‌లో మత్తుమందుల కేసులు రెట్టింపు దాటాయని ఆయన ఎత్తిచూపారు. ఊళ్లో మత్తు అంతగా పెరగలేదు. పెరిగింది అరెస్టులు. ఇదివరకు మందలించి పంపేసేవాణ్ణి ఇప్పుడు "కోర్టుకు పంపితే వైద్యం దొరుకుతుంది కదా" అని పోలీసులు పట్టుకురావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లందరూ చికిత్స పూర్తిచేయలేరు. చేయలేనివాళ్లు జైలుకు వెళతారు. జైలు తప్పించడానికి పెట్టిన కోర్టు మూలంగా, అది లేకపోతే ఇంటికి వెళ్లిపోయి ఉండేవాడు జైలుకు చేరాడు. డ్రగ్ కోర్టులను సమర్థించేవాళ్లలో నేనూ ఒకణ్ణి. అయినా హాఫ్‌మన్‌కు జవాబు చెప్పకుండా వాటిని సమర్థించడం కుదరదు.

ఆ జవాబు నాకు మళ్లీ మయామీలోనే దొరికింది, కాకపోతే వేరే కోర్టులో.

స్టీవ్ లీఫ్‌మన్ అప్పట్లో అక్కడి కౌంటీ జడ్జి. చిన్న నేరాల కేసులు చూసేవారు. ఒకరోజు కేసు పిలవకముందే ఒక వృద్ధ దంపతులు తనను కలిసి కన్నీళ్లు పెట్టుకున్న సంగతి ఆయన ఎన్నో వేదికలమీద చెప్పారు. వాళ్ల కొడుకు హార్వర్డ్‌లో చదివిన మానసిక వైద్యుడు. ఆ వైద్యుడికే స్కిజోఫ్రీనియా వచ్చింది, ఇల్లు వదిలి రోడ్డుమీద తిరుగుతున్నాడు. చిన్న నేరానికి అరెస్టయ్యాడు. "మా అబ్బాయికి వైద్యం ఇప్పించండి" అని వాళ్లు ప్రాధేయపడితే ఆయన మాట ఇచ్చారు. కోర్టులో ఆ వైద్యుడు జడ్జితో ఎంతో మర్యాదగా, చక్కటి భాషలో మాట్లాడాడు. అంతలో వెనక బెంచీలో ఉన్న తల్లిదండ్రులు కంటపడ్డారు. వాళ్లు సీఐఏ మనుషులనీ, తన అసలు తల్లిదండ్రులు కారనీ కేకలు మొదలుపెట్టాడు. లీఫ్‌మన్ వైద్య పరీక్షలకు ఆదేశించారు. విచారణ ఎదుర్కొనే స్థితిలో లేడని డాక్టర్లు రాశారు. చిన్న నేరం కాబట్టి అలాంటివాణ్ణి బలవంతంగా చికిత్సలో ఉంచే అధికారం ఆ జడ్జికి చట్టం ఇవ్వలేదు. వదిలేయక తప్పలేదు. తల్లిదండ్రులకు ఇచ్చిన మాట తన చేతిలోనే వమ్మయింది.

జడ్జిగా పనిచేసినవాళ్లకు ఆ సాయంత్రం ఇంటికి వెళ్లడం ఎలా ఉంటుందో తెలుసు.

2000లో ఆయన పోలీసు అధికారులను, ప్రాసిక్యూటర్లను, డిఫెన్సు లాయర్లను, ఆసుపత్రుల వాళ్లను, రోగుల కుటుంబాలను ఒకచోట కూర్చోబెట్టారు. అప్పటికి ఆ కౌంటీ జైలు తొమ్మిదో అంతస్తులో మానసిక రోగులను పెట్టేవారు. అక్కడి చలి గదుల్లో వాళ్ల స్థితి ఎంత ఘోరంగా ఉండేదో పీట్ ఎర్లీ అనే పాత్రికేయుడు 2006లో పుస్తకంగా రాశాడు. తరవాత ఒక విశ్వవిద్యాలయం చేత లీఫ్‌మన్ లెక్క తీయించారు. అందరికంటే ఎక్కువసార్లు జైలుకొచ్చిన మానసిక రోగులు 97 మంది తేలారు. అయిదేళ్లలో వాళ్లను దాదాపు 2,200 సార్లు అరెస్టు చేశారు. జైల్లో వాళ్లు గడిపిన రోజులు 27,000. 

ఇక్కడ మయామీ చేసిన పని నాకు నచ్చింది. కోర్టులో చికిత్స ఏర్పాటు చేసి ఊరుకోకుండా, కోర్టు దాకా రానవసరం లేనివాణ్ణి పోలీసే ఆసుపత్రికి మళ్లించేలా చూసింది. దీనికి నమూనా టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నుంచి వచ్చింది. 1987లో అక్కడ కత్తి పట్టుకున్న ఒక మానసిక రోగిని పోలీసులు కాల్చి చంపారు. సాయం కోసం పోలీసులకు ఫోన్ చేసింది కన్నతల్లే. ఆ దుఃఖంలోంచి 1988లో ప్రత్యేక పోలీసు బృందాలు పుట్టాయి. ముందుకొచ్చిన అధికారులకు 40 గంటల శిక్షణ: జబ్బుల లక్షణాలు, మాటలతో శాంతింపజేయడం, రోగులతోనూ కుటుంబాలతోనూ ముఖాముఖి. శిక్షణ ఒక్కటే సరిపోయేది కాదు. మెంఫిస్‌లో ఒక ఆసుపత్రి ఒప్పుకుంది: పోలీసు తెచ్చిన మనిషిని కాదనకుండా తీసుకుంటాం, అధికారిని కొద్ది నిమిషాల్లోనే పంపించేస్తాం. పోలీసు సహకారం అనేదానికి ఆయువుపట్టు ఆ కొద్ది నిమిషాలే.

నా సర్వీసు తొలి రోజుల్లో ఒక చిన్న పట్టణంలో మేజిస్ట్రేటుగా ఉన్నాను. బస్టాండులో గొడవ చేశాడని ఒక మనిషిని పెట్టీ కేసుకింద తెచ్చారు. జుట్టు జడలు కట్టి ఉంది, తనలో తను మాట్లాడుకుంటున్నాడు, తన పేరు చెప్పలేకపోయాడు. ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్లలేదని తెచ్చిన కానిస్టేబుల్‌ను అడిగాను. అతను దాపరికం లేకుండా చెప్పాడు: "ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరుగారు వచ్చేదాకా రాత్రంతా కాపలా కూర్చోవాలండి. పొద్దున్నే మళ్లీ బందోబస్తు డ్యూటీ. కేసు రాస్తే గంటలో అయిపోతుంది." అతనిది కాఠిన్యం కాదు, నిద్ర లేని మనిషి లెక్క. మెంఫిస్ గురించి చదివినప్పుడల్లా ఆ కానిస్టేబులే గుర్తొస్తాడు.

మయామీ ఫలితాలు ఆ లెక్క తిరగబడితే ఏమవుతుందో చూపించాయి. కౌంటీలోని పోలీసు విభాగాలన్నిట్లో కలిపి వేలమంది అధికారులు శిక్షణ పొందారు. 2010 నుంచి 2018 మధ్య అక్కడి రెండు పెద్ద విభాగాలు మానసిక వ్యాధులకు సంబంధించిన పిలుపులు లక్షకు పైగా అందుకున్నాయి. వాటిలో అరెస్టులు 200కు లోపు. జైల్లో సగటున రోజుకు ఏడు వేల పైచిలుకు ఉండే ఖైదీలు నాలుగు వేల చిల్లరకు తగ్గి, ఒక జైలునే మూసేశారు. అరెస్టు తప్పనివాళ్ల కోసం కోర్టు వైపు కార్యక్రమం ఉంది. అందులో చేరిన చిన్న నేరాల ముద్దాయిల్లో మళ్లీ అరెస్టయ్యేవాళ్లు వందకు 75 మంది నుంచి 20 మందికి తగ్గారు. ఇలాంటి జబ్బులనుంచి కోలుకున్నవాళ్లనే ఉద్యోగంలో పెట్టి, కొత్తవాళ్లకు తోడుగా పంపుతారు. లీఫ్‌మన్ చెప్పే ఇంకో సంగతి నన్ను కదిలించింది. శిక్షణలో డిప్రెషన్ గురించి విన్న పోలీసులు తమ కోసమే వచ్చి సాయం అడగడం మొదలుపెట్టారట.

డెన్వర్‌లో కోర్టు పెట్టాక అరెస్టులు పెరిగాయి, మయామీలో తగ్గాయి. రెండుచోట్లా పోలీసులు సహకరించారు. డెన్వర్ పోలీసుకు కోర్టు తప్ప వేరే చోటు చూపించలేదు. మయామీ అతనికి ఆసుపత్రి తలుపు కూడా తెరిచింది. హాఫ్‌మన్‌కు నేను చెప్పుకునే జవాబు ఇంతే.

ఇప్పుడు మన సంగతి. మనకు ఆ పేరుతో కోర్టులు లేవు. చట్టం మాత్రం ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టం 100వ సెక్షన్ చూడండి. మానసిక వ్యాధితో, తన బాగోగులు తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్నట్టు కనబడిన మనిషిని స్టేషన్ ఇన్‌చార్జి అధికారి రక్షణలోకి తీసుకోవాలి. 24 గంటలు దాటకుండా దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలి. ఎట్టి పరిస్థితిలోనూ లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. 102వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు పది రోజుల వరకు పరీక్షకోసం ఆసుపత్రిలో ఉంచమని ఆదేశించవచ్చు. ఎర్రగడ్డ, విశాఖ మానసిక ఆసుపత్రులు దూరమని సాకు చెప్పనక్కరలేదు. చట్టం దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం అంది, అంటే ఏరియా ఆసుపత్రి అయినా సరే. నా కానిస్టేబుల్ సమస్య అక్కడే తీరాలి: రాత్రి డ్యూటీ డాక్టరు సంతకం పెట్టి మనిషిని తీసుకుని అతన్ని పంపించేయాలి.

మత్తుమందుల చట్టం 64ఏ సెక్షన్‌ను మన బార్‌లో ఎంతమంది వాడారు? మత్తు వాడినందుకు 27వ సెక్షన్ కింద గానీ, చిన్న పరిమాణానికి సంబంధించిన నేరం కింద గానీ కేసు పడ్డ వ్యసనపరుడు, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన చోట తనంతట తాను చికిత్సకు వెళ్లి పూర్తి చేసుకుంటే ఆ నేరానికి ప్రాసిక్యూషన్ ఉండదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. చిన్న పరిమాణమంటే గంజాయి ఒక కిలో వరకు, హెరాయిన్ 5 గ్రాముల వరకు. దోషి అని తేలాక కూడా 39వ సెక్షన్ కింద, ముద్దాయి సమ్మతితో, కోర్టు అతణ్ణి చికిత్సకు పంపవచ్చు. ఏడాది లోపల వైద్య నివేదిక తెప్పించుకోవచ్చు. మయామీ 1989లో చేసిన పనికి కావలసిన సరంజామా అంతా ఇందులో ఉంది. ఈ కేసులు పెద్ద స్పెషల్ కోర్టుకు కూడా వెళ్లవు, మన మేజిస్ట్రేటు ముందే నడుస్తాయి.

తెలంగాణలో 2023లో మాదకద్రవ్యాల నిరోధక బ్యూరో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఈగల్ విభాగం వచ్చింది. పాడేరు ఏజెన్సీ నుంచి లారీల్లో గంజాయి తరలించే ముఠాలను పట్టుకోవడానికి అవి కావాలి, గట్టిగానే కావాలి. నా దిగులు ఇంకోచోట. హైదరాబాద్ పబ్బుల్లో అక్కడికక్కడే మూత్ర పరీక్ష కిట్లతో తనిఖీలు చేస్తున్నారు. కిట్ చేతిలో ఉన్నప్పుడు పాజిటివ్ వచ్చినవాళ్లందరూ వ్యసనపరులే అనిపిస్తుంది. ఒక్కరాత్రి సరదాపడ్డ కుర్రాడికి ఏడాది చికిత్స అక్కరలేదు, నాలుగేళ్లుగా సూది గుచ్చుకుంటున్నవాడికి కావాలి. వాళ్లిద్దరినీ విడదీయాల్సింది డాక్టరు. ఆ పని కిట్‌కు అప్పగిస్తే డెన్వర్ మన ఊరికి వచ్చినట్టే.

పోలీసుకూ చికిత్సగదికీ మధ్య గోడ సంగతి కూడా మనం తేల్చుకోవాలి. తూఫాన్ సింగ్ కేసులో 2020లో సుప్రీంకోర్టు, మత్తుమందుల చట్టం కింద అధికారాలున్న అధికారులు పోలీసులతో సమానమని, 67వ సెక్షన్ కింద వాళ్ల దగ్గర ఇచ్చిన వాంగ్మూలాన్ని నేరాంగీకారంగా వాడకూడదని చెప్పింది. అది అధికారి ఎదుట మాట్లాడినదానికి రక్షణ. డీ-అడిక్షన్ కేంద్రంలో కౌన్సెలర్ ఎదుట మాట్లాడినదానికి కూడా స్పష్టమైన హామీ కాగితంమీద ఉండాలి. ముద్దాయికి ఆ కాగితం చదివి వినిపించేది ఎస్సై కాకూడదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయరు వినిపించాలి, చికిత్సకు సమ్మతి సంతకం చేసేముందే.

కొందరు మిత్రులు ప్రత్యేక కోర్టులు మంజూరు చేయమని ప్రభుత్వానికి విజ్ఞాపన పెడదామంటున్నారు. పెట్టండి, నేనూ సంతకం చేస్తాను. అది మంజూరయ్యేలోపు ఈ జిల్లాలో చేయగలిగినది ఒకటుంది. నెలకోసారి ప్రిన్సిపల్ జడ్జిగారి ఛాంబర్లో ఎస్పీగారి ప్రతినిధి, ఆసుపత్రి సూపరింటెండెంటు, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి, బార్ తరఫున ఒకరు కూర్చోవాలి. ఆ నెల 100వ సెక్షన్ కింద ఎంతమందిని ఆసుపత్రికి తెచ్చారు, ఒక్కో కానిస్టేబుల్ ఎంతసేపు కాచుకున్నాడు, 64ఏ కింద ఎంతమంది చికిత్సలో చేరారు, వాళ్లలో ఎంతమంది మానేశారు, ఎందుకు మానేశారు. ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకుంటే చాలు. స్టేషన్ పనితీరు లెక్కలో నమోదైన కేసులకు ఒక గడి ఉన్నట్టే ఆసుపత్రికి చేర్చినవాళ్లకూ ఒక గడి పెట్టమని ఎస్పీగారిని అడగాలి. రిమాండ్ రోజునే వేయగలిగిన 64ఏ మెమో నమూనా, దానికి జతచేసే సమ్మతి పత్రం తెలుగులో ఒక పేజీకి మించకుండా తయారుచేసే పని ఈ బార్‌లోని జూనియర్లు తీసుకుంటే, వచ్చే నెల మొదటి సమావేశానికి ఆ రెండు కాగితాలూ బల్లమీద ఉంటాయి.